నేరం ఎప్పుడూ సెట్టుదేనా?

కట్టుడు పళ్ళు పెట్టుకున్నవాళ్ళ నోట్లో ఏం వచ్చినా నేరం సెట్టు మీదికే పోతుంది. పుండు పడితే సెట్టు ఒరుసుకుందంటారు. మంట పుడితే సెట్టు సరిగ్గా కూర్చోలేదంటారు. అంగిలి ఎర్రబడితే ఆ ప్లాస్టిక్ ఒంటికి పడలేదంటారు. ఇంట్లోవాళ్ళదీ అదే మాట, తెలిసినవాళ్ళదీ అదే మాట. చాలాసార్లు పళ్ళ డాక్టరుదీ అదే మాట. ఆయన సెట్టు చేతిలోకి తీసుకుని, చిన్న మిషనుతో లోపలివైపు ఒక పొర అరగదీసి, కడిగి, "ఇక ఫర్వాలేదండీ" అని తిరిగిస్తారు. మనమూ పని అయిపోయిందనుకుని వచ్చేస్తాం.

నాకు పైన పూర్తి సెట్టు, కింద కొన్ని పళ్ళకి మాత్రం తీసి పెట్టుకునే ముక్క సెట్టు. ఏళ్ళ తరబడి వాటితోనే తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ ఉన్న మనిషిని. నా వాదన ఇదీ: సెట్టు కింద పడ్డ ప్రతి పుండూ సెట్టు చేసింది కాదు. కొన్ని వైరస్ చేసేవి. వాటిని కూడా సెట్టు ఖాతాలో వేసేస్తే రెండు విధాల నష్టం. రోగానికి పడాల్సిన మందు టైముకి పడదు. బాగున్న సెట్టు అరిగి అరిగి నిజంగానే పాడవుతుంది.

నా సంగతి చెబుతాను. నాకొచ్చింది అంగిలి మీద, కుడిపక్క, వెనక పళ్ళ వరసకి కాస్త లోపలగా. ముందురోజు సాయంత్రం అక్కడ చిమచిమలాడింది. పొద్దున్నే టార్చి వేసుకుని అద్దంలో చూస్తే గుండుసూది తలంత పుళ్ళు గుంపుగా ఉన్నాయి. సాయంత్రానికి పక్కపక్కవి కలిసిపోయి, అంచులు వంకరటింకరగా ఉన్న ఒకే పుండులా తయారయ్యాయి. సెట్టు పెట్టుకుంటే ప్రాణం పోయేంత మంట, తీస్తే సలుపు. డాక్టరు గారు చూడగానే "ఇక్కడ ఒత్తుతోంది" అని అరగదీశారు. వారం పది రోజుల్లో మానిపోయింది. కొన్ని నెలల తర్వాత, ఒక జ్వరం తగ్గుతుండగా, మళ్ళీ అదే చోట అదే గుంపు. మళ్ళీ అరగదీత, మళ్ళీ మానడం. ఆయన హస్తవాసి మంచిదని పదిమందికి చెప్పాను కూడా.

ఆ తర్వాతోసారి ఆయన లేని రోజున వెళ్ళాను. బదులుగా కూర్చున్న కుర్ర డాక్టరమ్మ మిషను జోలికి పోలేదు. ముందు సెట్టు లోపలివైపు వేలితో నెమ్మదిగా తడిమి చూశారు, మొనదేలిన చోటు ఏదైనా ఉందేమోనని. తర్వాత ఒక తెల్లటి పేస్టు తీసుకుని బ్రష్షుతో లోపలంతా పలచగా పూశారు. బ్రష్షు గీతలు వరసగా కనబడుతూనే ఉన్నాయి. సెట్టు నోట్లో పెట్టి, రెండు పక్కలా సమంగా నొక్కి, బయటికి తీసి నాకు చూపించారు. సెట్టు ఎక్కువగా ఒత్తే చోట పేస్టు పక్కకి జరిగిపోయి కింద గులాబీరంగు ప్లాస్టిక్ బయటపడుతుందట. అసలు తగలని చోట బ్రష్షు గీతలు చెక్కుచెదరకుండా ఉండిపోతాయట. నా పుళ్ళకి ఎదురుగా ఉన్న చోట గీతలు గీతల్లాగే ఉన్నాయి. అంతకుముందు అరగదీసిన చోటే అది. అక్కడ సెట్టుకీ అంగిలికీ మధ్య సందు ఏర్పడింది. తగలని సెట్టు పుండెలా చేస్తుంది?

"మీకు పెదవి మీద ఎప్పుడైనా పొక్కులు వచ్చేవాండీ?" అని అడిగారావిడ. వచ్చేవి. చిన్నప్పటి నుంచీ జ్వరం వచ్చినప్పుడల్లా మూతి పేలేది. పెద్దయ్యాక తగ్గిపోయిందనుకున్నాను. తగ్గిపోలేదు, చోటు మార్చుకుంది.

మూతి పేలడానికి కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్, అందులో టైప్ 1. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు వాళ్ళలోనే 380 కోట్ల మందికి, అంటే 64 శాతం మందికి, ఈ వైరస్ ఒంట్లో ఉంది. ఎక్కువమందికి చిన్నతనంలోనే ఎవరి ఉమ్మి నుంచో అంటుకుంటుంది. అంటుకున్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఒకసారి వచ్చాక ఇక పోదు. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం మొదట్లో ఉన్న కణాల ముడిలో చేరి, చప్పుడు చేయకుండా ఉండిపోతుంది. జ్వరం, ఎండ దెబ్బ, బాగా టెన్షన్, ఒంట్లో నీరసం, ఏదో ఒకటి తోడైతే నరం వెంట కిందికి దిగివస్తుంది. నోట్లో తగిలిన చిన్న దెబ్బ కూడా చాలు. పళ్ళ డాక్టరు అంగిలిలో ఇచ్చిన ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులకి సరిగ్గా అక్కడే పుళ్ళు లేవడం డాక్టర్లకి బాగా తెలిసిన విషయం.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఈ వైరస్ ఎంచుకునే చోటు. మామూలు నోటిపూత చెంప లోపల, పెదవి లోపల, నాలుక కింద వస్తుంది. అంటే కదిలే మెత్తటి చర్మం మీద. హెర్పిస్ తిరగబెట్టినప్పుడు మాత్రం, మనిషి ఆరోగ్యంగా ఉంటే, ఎముకకి అతుక్కుని ఉండే గట్టి చర్మం మీదే వస్తుంది. నోట్లో అలాంటి చోట్లు ప్రధానంగా రెండు: అంగిలి గట్టి భాగం, చిగుళ్ళ గట్టు. పై సెట్టు కూర్చునేది సరిగ్గా వాటి మీదే. పళ్ళున్నవాడికి అంగిలి మీద పుళ్ళ గుంపు లేస్తే డాక్టరుకి హెర్పిస్ గుర్తుకు రావచ్చు. అదే గుంపు నాకు లేస్తే, దాని మీద ఒక ప్లాస్టిక్ పలక కూర్చుని ఉంటుంది కాబట్టి, ఎవరి చూపైనా ముందు ఆ పలక మీదే పడుతుంది.

అరగదీయగానే మానింది కదా అంటారు. ఈ హెర్పిస్ పుళ్ళు మందు వేసినా వేయకపోయినా వారం పది రోజుల్లో వాటంతట అవే మానతాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికే రెండు మూడు రోజులు అయిపోయి ఉంటాయి. ఆ రోజు సెట్టు అరగదీసినా, గోడ అరగదీసినా, మిగిలిన రోజుల్లో పుండు మానుతుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకిని మెచ్చుకుని ఇంటికొచ్చేస్తాం. తర్వాతి సారి అదే కాకి కోసం వెళతాం.

దీంతో పోయేదేముంది అనుకుంటే పొరపాటు. పై సెట్టు అంగిలికి పట్టుకుని ఉండేది రెండింటి మధ్య ఉండే పలచటి ఉమ్మి పొర వల్ల, అంచుల చుట్టూ గాలి దూరకుండా ఉండే బిగువు వల్ల. లోపలివైపు ఎంత దగ్గరగా అతుకుతే పట్టు అంత బాగుంటుంది. తీసేసిన ప్లాస్టిక్ తిరిగి రాదు. ఇక్కడ కొంత, అక్కడ కొంత తీస్తూ పోతే సెట్టు వదులవుతుంది. వదులైన సెట్టు నమిలేటప్పుడు కదులుతుంది, కదిలితే ఒరుస్తుంది. ఒరిపిడి పడ్డ చోట వైరస్ మళ్ళీ లేవడానికి వీలు దొరుకుతుంది. వైరస్‌కి చేసిన తప్పు వైద్యం చివరికి నిజమైన ఒరిపిడినే తెచ్చిపెడుతుందన్నమాట. దీనికి తోడు మన ఎముక కూడా ఊరుకోదు. పళ్ళు తీసేశాక చిగుళ్ళ గట్టు కరుగుతూనే ఉంటుంది. సెట్లు వాడేవాళ్ళని 25 ఏళ్ళ పాటు గమనించిన టాల్‌గ్రెన్ పరిశోధన 1972లో వచ్చింది. మొదటి ఏడాదిలో కరగడం ఎక్కువ, కింది దవడ పైదాని కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ కరుగుతుంది అని తేల్చింది. అటు ఎముక తగ్గుతుంటే ఇటు మనం ప్లాస్టిక్ కూడా తగ్గించుకుంటే ఆ సెట్టు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఇక్కడ డాక్టర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కొత్త సెట్టు పెట్టుకున్న మొదటి రోజుల్లో పడే పుళ్ళు చాలావరకు ఒరిపిడివే. అందులో సందేహం లేదు. అవి ఎక్కువగా సెట్టు అంచు తగిలే చోట, బుగ్గకీ చిగురుకీ మధ్య సందులో, ఒంటరిగా, అంచు పొడుగునా కోసినట్టు పడతాయి. అడుగు తెల్లగానో పసుపుగానో, చుట్టూ ఎర్రగా ఉంటుంది. సెట్టులో ఆ చోటు సరిచేస్తే కొద్దిరోజుల్లో మానతాయి, మళ్ళీ రావు. అలాంటప్పుడు అరగదీయడమే వైద్యం. నేను తప్పుపడుతున్నది అరగదీయడాన్ని కాదు, చూడకుండా అరగదీయడాన్ని. పేస్టు పూసి చూడడానికి నిమిషాలు చాలు. పుండు మీద రంగు చుక్క పెట్టి, ఆ రంగు సెట్టులో ఎక్కడ అంటుకుంటుందో చూసే పద్ధతి కూడా ఉంది. ఆ నిమిషాలు వెచ్చించకపోవడానికి కారణం డాక్టరు ఒక్కరే కాదు. కుర్చీలో కూర్చున్న మనకి ఏదో ఒకటి చేసి పంపిస్తే తప్ప తృప్తి ఉండదు. "ఏమీ చేయక్కర్లేదు, సెట్టు తీసి ఉంచండి" అంటే డాక్టరుకి పని రాదనుకునేవాళ్ళు మనలో తక్కువేం కాదు.

నిజానికి ఒంట్లో వేరే జబ్బు లేని మనిషికి ఈ పుళ్ళు లేస్తే చేయాల్సింది చాలావరకు అదే. వీలైనంతసేపు సెట్టు తీసి ఉంచడం, మరీ వేడివి, కారంగా ఉన్నవి మానడం, నీళ్ళు బాగా తాగడం. తరచూ వస్తుంటేనో, బాధ ఎక్కువగా ఉంటేనో ఎసైక్లోవిర్, వలసైక్లోవిర్ లాంటి మందులున్నాయి. ఎసైక్లోవిర్ వెనక ఉన్న శాస్త్రవేత్తల్లో ఒకరైన గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. అంత గొప్ప మందుకీ ఒక షరతుంది. వైరస్ పెరుగుతున్నప్పుడే అది పనిచేస్తుంది. చిమచిమ మొదలైన రోజునో, మర్నాడో మొదలుపెడితే ఉపయోగం ఉంటుంది. పుళ్ళు మానుముఖం పట్టాక వేసుకుంటే వేసుకున్నామన్న తృప్తే మిగులుతుంది. కిడ్నీలు సరిగ్గా లేనివాళ్ళకి మోతాదు మార్చాలి కాబట్టి పాత చీటీ తీసుకెళ్ళి మందుల షాపులో కొనుక్కునే రకం కాదిది. సెట్టు అరగదీయించుకుంటూ ఆ మొదటి రెండు రోజులు పోగొట్టుకుంటే ఆ అవకాశం చేజారినట్టే.

చేజారడం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. నోటి పుండు అనగానే చాలా ఇళ్ళల్లో ఒక ట్యూబు బయటికొస్తుంది. పుండుకి అతుక్కుని ఉండే ఆ పేస్టుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మామూలు నోటిపూతకి అది బాగా పనిచేస్తుంది. హెర్పిస్ పుండు మీద రాస్తే అక్కడి రోగనిరోధక శక్తిని అణిచి, వైరస్ పెరగడానికి దారి ఇస్తుంది. పైగా దాన్ని సెట్టు లోపల రాసి పెట్టుకుంటే, మందు ఎటూ పోకుండా గంటల తరబడి అక్కడే ఉంటుంది. ఇక యాంటీబయాటిక్ సంగతి సరేసరి. వైరస్‌ని అది ఏమీ చేయదు, నోట్లో ఫంగస్ పెరగడానికి మాత్రం సాయం చేస్తుంది.

ఫంగస్ అన్నాను కదా, సెట్టు వాడేవాళ్ళకి అసలు పెద్ద బెడద అదే. వైరస్ గురించి మాట్లాడేటప్పుడు దాన్ని పక్కన పెట్టలేం, ఎందుకంటే రెండింటినీ కలగాపులగం చేసే ప్రమాదం ఉంది. పై సెట్టు తీసి చూస్తే అంగిలి సెట్టు ఆకారంలోనే, గీత గీసినట్టు, ఎర్రగా ఉంటుంది. నొప్పి ఉండదు, చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇది ఎక్కువగా కాండిడా అనే ఫంగస్ పని. 1962లో న్యూటన్ అనే ఆయన దీన్ని మూడు రకాలుగా విడదీశాడు: చుక్కచుక్కలుగా ఎర్రబడడం, అంతా ఎర్రబడడం, అంగిలి మధ్యలో గులకరాళ్ళు పరిచినట్టు చిన్న చిన్న బొడిపెలు లేవడం. ఈ మూడో రకాన్ని చూసి పులిపిర్ల వైరస్ అనుకుని భయపడేవాళ్ళున్నారు, అది కాదు. పులిపిరి వైరస్ వల్ల అంగిలి మీద కాయ లేవడం జరుగుతుంది కానీ, అది సాధారణంగా చిన్న తొడిమతో, కాలీఫ్లవర్ ముక్కలా ఒంటరిగా ఉంటుంది. చాలావరకు హానిలేనిదే, అయినా తీసి పరీక్షకి పంపడం మంచిది.

పెదవి మూలల్లో పగుళ్ళ విషయంలో కూడా ఇదే గందరగోళం. సెట్టు పళ్ళు అరిగిపోయి దవడలు మరీ దగ్గరగా మూసుకుంటే, మూలల్లో మడత పడి, ఉమ్మి నిలిచి, ఫంగసో బ్యాక్టీరియానో చేరుతుంది. రెండు మూలలా పగిలితే అనుమానం ఇటు. ఒకే పక్క, పెదవి అంచు మీద, నీటి పొక్కుల గుంపుగా లేచి తర్వాత చెక్కు కడితే హెర్పిస్. ఫంగస్‌కి నోట్లో వాడే మైకోనజోల్ జెల్ గురించి ఒక హెచ్చరిక: రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు దాన్ని డాక్టరుకి చెప్పకుండా వాడకూడదు. రెండూ కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. సెట్టు వాడే వయసూ వార్ఫరిన్ వేసుకునే వయసూ ఒకటే కావడంతో ఇది పుస్తకాల్లో రాసుకునే మాటగా మిగిలిపోదు.

ఫంగస్‌కీ వైరస్‌కీ అసలైన తేడా సెట్టుతో వాటికున్న సంబంధంలో ఉంది. ఫంగస్ సెట్టు మీద బతుకుతుంది. అక్రిలిక్ ప్లాస్టిక్‌లో కంటికి కనబడని గుంటల్లో చేరి, పాచితో కలిసి పెరుగుతుంది. అందుకే నోటికి మాత్రమే మందు వేసి సెట్టుని వదిలేస్తే తిరిగి వస్తుంది. వైరస్ అలా కాదు. బతికున్న కణంలో దూరితే తప్ప అది పెరగలేదు. ప్లాస్టిక్ మీద పడ్డ హెర్పిస్ వైరస్ కొన్ని గంటలు బతికి ఉండగలదు కానీ, రెట్టింపు కాలేదు. దాని స్థావరం మన నరంలో ఉంది, సెట్టులో లేదు. కాబట్టి "హెర్పిస్ వచ్చింది, సెట్టు మార్పించుకోండి" అనే సలహా ఎవరైనా ఇస్తే దానికి అర్థం లేదు. కొత్త సెట్టు పెట్టుకున్నా ఆ నరం పాతదే.

పైగా హెర్పిస్ వైరస్‌కి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బుకి ఆ పొర విడిపోతుంది. గిన్నెలు కడిగే మామూలు సబ్బుద్రవం, మెత్తటి బ్రష్షు చాలు. టూత్‌పేస్టు వద్దు, అది ప్లాస్టిక్‌ని గీరేస్తుంది, ఆ గీతల్లోనే ఫంగస్ చేరుతుంది. క్రిములు చావాలని సెట్టుని మరిగే నీళ్ళలో వేసే పెద్దవాళ్ళున్నారు, ఆ వేడికి ఆకారం వంకర పోయి ఇక కూర్చోదు. బ్లీచు ద్రావణం వాడితే పది నిమిషాలు మించకూడదని కట్టుడు పళ్ళ నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ప్రోస్థోడాంటిస్ట్స్ 2011లో ఇచ్చిన సూచనల్లో ఉంది. సెట్టులో లోహం ఉంటే బ్లీచు అసలే వద్దు. నీళ్ళలో వేసి నానబెట్టే బిళ్ళలు మంచివే, కానీ అవి గ్లాసులోకే, నోట్లోకి కాదు. నానాక సెట్టుని బాగా కడిగి పెట్టుకోవాలి.

జాగ్రత్త అంతా చేతుల దగ్గర ఉండాలి. పుళ్ళు ఉన్నప్పుడు సెట్టు తీసి, అదే చేత్తో కన్ను నలుపుకుంటే వైరస్ కంటికి చేరవచ్చు. కంటి హెర్పిస్ చూపుకే ముప్పు. మంచంలో ఉన్న పెద్దవాళ్ళకి రోజూ సెట్టు తీసి కడిగిపెట్టే కూతుళ్ళు, కోడళ్ళు, కొడుకులు, నర్సులు గ్లవుజులు వేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. గోరు పక్కన ఉన్న చిన్న చీలిక చాలు, వైరస్ వేలిలోకి దూరి, వేలి చివర ఎర్రగా వాచి, పొక్కులు లేచి, భరించలేని పోటు పెడుతుంది. గ్లవుజులు వాడడం మామూలు కాకముందు పళ్ళ డాక్టర్ల వేళ్ళకే ఈ జబ్బు తరచుగా వచ్చేది. నోట్లో పుళ్ళు ఉన్న రోజుల్లో పసిపిల్లలని ముద్దు పెట్టుకోకూడదు. పెద్దవాళ్ళకి వారం రోజుల మంటతో పోయేది, నెల కూడా నిండని బిడ్డకి ప్రాణాంతకం కావచ్చు.

ఇప్పటిదాకా చెప్పింది హెర్పిస్‌లో ఒక రకం. దాని దాయాది ఇంకొకటి ఉంది, సెట్టు మీద నేరం తోసేయడం వల్ల ఎక్కువ నష్టం జరిగేది దానితోనే. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిపోయిన వైరస్ నరాల ముడుల్లో దాక్కుని, వయసు మీద పడ్డాక సర్పిగా లేస్తుంది. అది ముఖంలోని నరంలో లేస్తే పొక్కుల కంటే ముందు నొప్పి వస్తుంది. మా వదినకి అలాగే వచ్చింది. ఆవిడకీ పై సెట్టే. ఎడమ చెంప కింద, పై చిగుళ్ళలో పోటు. "పళ్ళే లేవు, నాకు పంటినొప్పేమిటి?" అని ఆవిడే నవ్వింది. సెట్టు చూపిస్తే అంచు తగ్గించి పంపారు. ఒకట్రెండు రోజులకి ఎడమ చెంప మీద, అంగిలి ఎడమ సగంలో పొక్కులు లేచాయి. అంగిలి మధ్య గీత దగ్గర ఆగిపోయాయి, కుడి పక్కకి ఒక్కటి కూడా దాటలేదు. సర్పికి అది గట్టి గుర్తు. ఒక పక్క నరంలో లేచింది ఆ పక్కనే ఉంటుంది. సెట్టు ఒరిపిడికి మధ్యగీతతో పనిలేదు.

చెంప మీద పొక్కులు కనబడ్డాయి కాబట్టి ఫిజీషియన్ వెంటనే గుర్తుపట్టి అదే రోజు మందు మొదలుపెట్టారు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మందు పడితే బాగా పనిచేస్తుంది. అవి నోట్లో మాత్రమే లేచి ఉంటే? సెట్టు ఇంకోసారి అరిగేది, ఆ 72 గంటలూ గడిచిపోయేవి. పుళ్ళు మానిపోయాక కూడా నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి నరం సలుపుతూ ఉండిపోవడం ఈ జబ్బులో అసలు బాధ, వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం ఎక్కువ. దీనికి టీకా ఉంది. ఇప్పుడు వాడుతున్న షింగ్రిక్స్‌కి 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. 50 దాటినవాళ్ళకి, రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. మామూలు హెర్పిస్‌కి ఇంతవరకు టీకా లేదు, సర్పికి ఉంది కాబట్టి ఫిజీషియన్‌ని అడిగి వేయించుకోవచ్చు.

పైన "మనిషి ఆరోగ్యంగా ఉంటే" అని ఒక మెలిక పెట్టాను. కేన్సర్‌కి కీమో తీసుకుంటున్నవాళ్ళు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళు, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నవాళ్ళకి ఈ చోట్ల లెక్క వర్తించదు. హెర్పిస్ నాలుక మీద, చెంప లోపల, ఎక్కడైనా లేస్తుంది. పుండు పెద్దదవుతుంది, వారాలు గడిచినా మానదు. వాళ్ళు సెట్టు సంగతి తర్వాత చూసుకుని ముందు తమ డాక్టరుకి ఫోన్ చేయాలి.

రాత్రి సెట్టు తీసి పడుకోవాలా వద్దా అనే చర్చ సెట్టు వాడేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగదు. తీయాలన్న పక్షం నాది. జపాన్‌లో 85 ఏళ్ళు దాటిన 524 మందిని గమనించి 2015లో ప్రచురించిన పరిశోధనలో, రాత్రి సెట్టుతో పడుకునేవాళ్ళకి న్యుమోనియా ప్రమాదం రెట్టింపుకి పైగా కనబడింది. అంగిలి చర్మానికి గాలి, ఉమ్మి తగిలే సమయం అదొక్కటే. ఉమ్మిలో క్రిములని అడ్డుకునే పదార్థాలున్నాయి, సెట్టు ఉన్నంతసేపు అవి అంగిలికి సరిగ్గా చేరవు. బీపీకి, డిప్రెషన్‌కి, అలర్జీకి వాడే మందుల్లో చాలావాటి వల్ల నోరు ఎండిపోతుంది, అలాంటివాళ్ళకి ఇది మరీ ముఖ్యం. భార్య ముందో భర్త ముందో బోసినోటితో కనబడడానికి సిగ్గు అనే కారణం నాకు తెలుసు. లైటు ఆర్పేశాక తీయవచ్చు. తీసిన సెట్టు ఆరిపోకుండా చల్లటి నీళ్ళలో ఉంచాలి.

చివరగా, సెట్టు మీద నేరం తోసేసే అలవాటు ప్రాణం మీదికి తెచ్చే సందర్భం ఒకటుంది. సెట్టు సరిచేశాక రెండు వారాల్లో మానని పుండు ఏదైనా, హెర్పిస్ అనుకున్నా, ఒరిపిడి అనుకున్నా, ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే. నోటి కేన్సర్ మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు. సెట్టు అంచు పక్కనే లేస్తే అచ్చం ఒరిపిడి పుండులాగే ఉంటుంది. ఇంకో విషయం చాలామందికి తట్టదు: ఏళ్ళుగా బాగా కూర్చున్న సెట్టు ఉన్నట్టుండి కూర్చోకపోతే, దాని కింద ఏదో పెరుగుతూ ఉండి దాన్ని ఎత్తేస్తూ ఉండవచ్చు. అప్పుడు పుండుకి కారణం సెట్టు కాదు, సెట్టు కదలడానికి కారణం ఆ పెరుగుతున్నది. అక్కడ అరగదీస్తే సెట్టు మళ్ళీ కూర్చుంటుంది, మనిషికి నిశ్చింతగా ఉంటుంది, లోపలిది పెరుగుతూ పోతుంది.

పళ్ళు లేనివాళ్ళు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తారు, "ఇంకేం చూపించుకోవాలి?" అని. పైన చెప్పిన 2011 సూచనల్లోనే, పూర్తి సెట్టు వాడేవాళ్ళు కూడా ఏడాదికోసారి చూపించుకోవాలని ఉంది. వెళ్ళినప్పుడు సెట్టు తీసి పక్కన పెట్టి, అంగిలి, చిగుళ్ళ గట్టు, నాలుక పక్కలు, నాలుక కింద, గొంతు మొదలు చూసి, దవడ కింద, మెడ మీద గడ్డలున్నాయేమో తడమమని అడగండి. హెర్పిస్ తరచూ వచ్చేవాళ్ళు పుళ్ళు ఉన్న రోజునే ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకుంటే మేలు. అపాయింట్‌మెంట్ దొరికేసరికి అవి మానిపోయి ఉంటాయి.